తామరపూవు నడుమ రంధ్రము

శరత్కాలపు వేకువజామున తూర్పుసముద్రము నిదురలో నిట్టూర్చు పసిబిడ్డవలె ఒడ్డునకు మెల్లగా వచ్చి మెల్లగా మరలుచుండెను. వానకాలమంతయు బురదవన్నె దాల్చియుండిన ఆ జలరాశి యిప్పుడు తేటవడి బూడిదవన్నెనుండి నల్లకలువ వన్నెకును దానినుండి రాగిచెంబు వన్నెకును క్రమక్రమముగా మాఱుచుండగా దక్షిణమున కొండకొమ్ముపై నున్న దీపస్తంభము తన రాత్రికాపు ముగిసినదని యెఱుంగక యింకను కన్నార్పుచునే యుండెను. విశాఖపట్టణపు సముద్రతీరమార్గమున ఆ వేళ మోటారుబండ్లకు ప్రవేశము లేదు. కావున నడకకు వచ్చిన వృద్ధులును పావురములకు జొన్నలు చల్లు పిల్లలును తడిచీరల కుచ్చెళ్లు పిండుకొనుచు సముద్రస్నానమునుండి మరలు ముత్తైదువలును ఆ మార్గమధ్యమున తమ యింటి వసారాలో తిరుగాడినంత నిర్భయముగా తిరుగాడుచుండిరి.

ఆ మార్గమున ఒడ్డునెక్కించి ప్రదర్శనకు నిలిపిన జలాంతర్గామికి కొంతదూరమున పొట్టిగోడ యొకటి కలదు. ప్రతి యాదివారమును ఆ గోడకు చేరగిలి కొన్ని సైకిళ్లు కొలువుతీరును. అవి పాలక్యానులు మోయు సైకిళ్లు గావు; బడిపిల్లలు త్రొక్కునవియు గావు. ఒక్కొక్కటియు యజమాని కాలిపొడవును చేతిపొడవును కొలిపించి ప్రత్యేకముగా చేయించుకొన్న పందెపు సైకిలు. వానికి గంట లేదు. స్టాండు లేదు. వెనుకచక్రమున ఫ్రీవీలును లేదు. పళ్లచక్రము వెనుకచక్రముతో నేకముగా బిగింపబడియుండుటచే చక్రము తిరుగుచున్నంతసేపు పెడళ్లును తిరుగుచునే యుండును. కాలు నిలిపి విశ్రమించుట యనునది ఆ వాహనమునకు తెలియదు. వేగము తగ్గింపవలెనన్నచో పైకి లేచు పెడలును కాలితో నదిమి ఎదురొత్తవలసినదే. అట్టి సైకిళ్లకు పందెపుబాటమీద బ్రేకు నిషిద్ధము. వీథిలో బ్రేకు వలయునా వలదా యను వివాదము మాత్రము ఆ గోడయొద్ద నేనాడును తెగినది కాదు.

ఆ కొలువునకు కొన్ని మర్యాదలు గలవు. సైకిలును చైను కనబడునట్లు చూపరులవైపు త్రిప్పి నిలుపవలెను. అనుమతి లేక యొకరిదానిని వేఱొకరు ముట్టరాదు. అన్నిటికంటె గొప్ప మర్యాద మఱొకటి కలదు. మెచ్చుకొనుటకును వాదించుటకును ఎవ్వరైనను తగుదురు గాని పరుల సైకిలునకు ఇది చేర్పుము అది తీసివేయుము అని చెప్పదలచినవాడు ముందుగా దానినెక్కి జలాంతర్గామి దాక పోయి రావలెను. అట్లు పోయి రానివాని మాట గాలికి పోవును.

ఆనాడు ఆ గోడయొద్దకు వచ్చిన పెంటకోట వరహాలయ్య ఈ మర్యాదల నెఱుగడు. ఆయన ఓడరేవులో సామానుల గిడ్డంగి కాచి విశ్రాంతి పొందినవాడు. పెద్దచదువులు చదువలేదు గాని సింహాద్రినాథుని సేవించుటలోను ఇంటికి వచ్చినవారికి అన్నము పెట్టుటలోను లోపమెఱుంగని గృహస్థు. ఉద్యోగకాలమంతయు నల్లని పాతసైకిలు పైనే గడిపెను. ఆ సైకిలు పై పోవునప్పుడు త్రోవలో గుడి యెదురైనచో ఆయన కొక యలవాటు గలదు. కాళ్లు నిలిపి కుడిపాదమును చెప్పునుండి యొకింత బయటికి తీసి కుడిచేతి వ్రేళ్లను పెదవులకును కన్నులకును తాకించి సైకిలు తనంతట తాను జారుచుండగా దేవుని దాటిపోవును. ఆ యలవాటు ఎంత పాతదనగా అది తనకు గలదని ఆయనకే తెలియదు.

ఆయన చెల్లెలి కూతురు నీరజ. తల్లి గతించినదాదిగా ఆ బాలిక మేనమామ యింటనే పెరిగెను. తండ్రి సరకుల యోడపై పనిచేయుచు దేశాంతరములందు తిరుగువాడగుటచే మంచిచెడ్డలన్నిటికి వరహాలయ్య మాటయే ఆమెకు శాసనమని చెప్పి పోయెను. నీరజ యిప్పుడు బడిలో పాఠములు చెప్పుచు మిగిలిన ప్రొద్దంతయు సైకిలు పందెముల సాధనకే యిచ్చుచుండెను. సంవత్సరకాలము నిరీక్షించి ఆమె చేయించుకొన్న సైకిలు ఆనాడే మొదటిసారి కొలువునకు వచ్చినది. దాని చట్రము నెమలికంఠపు వన్నెది. ముందుచక్రమును పట్టియుండు ఫోర్కు అద్దమువలె తళతళలాడు తెల్లనిది. ఆ ఫోర్కు నెత్తిమీద ముందువైపున సరిగా నడుమ కంసాలి యొకడు ఎనిమిదిరేకుల తామరపూవును చెక్కియుండెను. అది ఆమె పేరునకు గుర్తు. ఆమె తల్లి మెడలోని బిళ్లమీది తామరను చూచి చెక్కించినది.

చిక్కంతయు ఆ తామరయొద్దనే పుట్టెను. పందెపు ఫోర్కునకు బ్రేకు బిగించు రంధ్రము పుట్టుకతో లేదు. బిగింపవలెనన్న ఫోర్కు నెత్తిని నడుమ తొలువవలెను. తొలిచినచో రంధ్రము తామర గుండెలోనుండి పోవును. తొలిచినదానిని మరల పూడ్చుట యనునది లేదు. తొలువనిచో బ్రేకులేని సైకిలు పై ఈ పిల్ల వీథులవెంట సాధనచేయుటకు వరహాలయ్య యొప్పుకొనవలెను. ఆ పట్టణమున పందెపుబాట లేదు గనుక వీథి తప్ప సాధనకు వేఱు చోటును లేదు. ఒప్పుకొననిచో రాబోవు వసంతమున జరుగు పందెము పోవును. ఈ మూడింటిలో నేదో యొకటి పలుకుమని నీరజ మేనమామను గోడయొద్దకు వెంటబెట్టుకొని వచ్చెను. వరహాలయ్య వలదని చెప్పుటకు నిశ్చయించుకొనియే వచ్చెను. ఇంటినుండి బయలుదేరునప్పుడు భార్య నూకరత్నమునకు ఆ మాట చెప్పియు వచ్చెను.

కాని గోడయొద్ద ఆ నిశ్చయము నిలువలేదు. కార్తికేయుడను యువకుడు గృహములకు నమూనాలు గీయువాడు. బ్రేకు లేని సైకిలే సైకిలని వాదించువారిలో మొదటివాడు. అతడు నీరజ సైకిలు చుట్టును ప్రదక్షిణముగా తిరిగి చేతులు వెనుకకు కట్టుకొని దానిని ముట్టకయే ఎంతయో భక్తితో చూచి వరహాలయ్యకు ఓపికగా నచ్చజెప్పెను. బ్రేకున్నచో కాలు సోమరియగుననియు బ్రేకు లేనివాడు చాలముందుగనే త్రోవను చదువుకొనుననియు ఈ సైకిలుమీద మనుష్యుడును యంత్రమును వేఱువేఱుగా నుండరనియు పరిపూర్ణమైన దానికొక రంధ్రము పొడుచుట దానిని చంపుటయే యనియు అతడనెను. వరహాలయ్యకు ఆ మాట సూటిగా తగిలెను. భిన్నమైన విగ్రహమును పూజింపరాదని ఆయన చిన్ననాటినుండి వినియున్నాడు. ఇంత యందమైన తామరకు తాను తూటు పొడిపించుటయా అని మనస్సు వెనుకాడెను.

అంతలో గణితము బోధించు ఇమ్మానుయేలు మాస్టారు తన సైకిలును గోడకు చేర్చి ఆ వాదమున ప్రవేశించెను. ఆయన సైకిలునకు ముందుబ్రేకు కలదు. పందెపుబాటమీద అందఱును ఒకే దిక్కునకు పోవుదురు గాని వీథిలో కుక్క యెటునుండి వచ్చునో బంతి యెటునుండి దొర్లునో యెవరెఱుగుదురని ఆయన యడిగెను. మఱియు కాళ్లతో ఆపుట యంతయు చైనుమీద నాధారపడినది. ఆ చైను జారినచో కాలు ఎంత బలముగలదైనను శూన్యమును త్రొక్కుననెను. ఆ మాటయు వరహాలయ్యకు అంత సూటిగానే తగిలెను. చెవులు కుట్టుట లోపము కాదు శుభకార్యము గదా. గిత్త ఎంత యందమైనదైనను ముకుతాడు వేయకుండ వీథిలోనికి విడుతురా.

ఇరువురి వాదమును ముదిరి పరిహాసములోనికి దిగెను.

"మాస్టారూ, బ్రేకు ఒక్కటే ఎందుకు, బుట్టా వెనకాల సీటూ కూడా పెట్టించేసుకోండి. రైతుబజారు నుంచి కూరలు తెచ్చుకోవచ్చు" అని కార్తికేయుడనెను.

"పెట్టిస్తానోయ్. నీ కాలు విరిగిన రోజున ఆసుపత్రికి ఆ వెనక సీటు మీదే గదా తీసుకెళ్లాలి" అని మాస్టారు తాపీగా బదులు చెప్పెను.

చుట్టునున్నవారు నవ్విరి. వరహాలయ్య నవ్వలేదు. ఒకనిమాట వినునప్పుడు ఆ మాటయే సత్యమనియు రెండవవానిమాట వినునప్పుడు అదియే సత్యమనియు తోచుచుండగా ఆయన పైకండువాతో మొగము తుడుచుకొని తుదకు ఇంటినుండి తెచ్చుకొన్న మాటనే పట్టుకొని ఈ సైకిలు వీథిలోనికి వలదని చెప్పబోయెను. అప్పుడు నీరజ ఆయన చేయి పట్టుకొనెను.

"మావయ్యా, ఇక్కడొక పద్ధతుంది. ఎక్కి చూడకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు. ఒక్కసారి ఆ సబ్‌మెరీను దాకా వెళ్లిరా. ఆ తర్వాత నువ్వేమంటే అదే."

"సైకిలెక్కడానికేటి. నువ్వు పుట్టకముందు నుంచీ తొక్కుతున్నాను."

"ఇది ఆ సైకిలు కాదు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఏం జరిగినా కాళ్లు మాత్రం ఆపకు."

వరహాలయ్య తన సైకిలు విద్యపై గల నమ్మకమున ఆ హెచ్చరికను చెవినిడెనే గాని మనస్సున నిడలేదు. పంచెను పైకి దోపుకొని సింహాద్రినాథుని తలచుకొని ఎక్కెను. నీరజ సీటు పట్టుకొని నాలుగడుగులు పరుగెత్తి విడిచెను. విడిచినంతనే ఆయన కొక విచిత్రమైన యనుభవము కలిగెను. ఆ సైకిలు ఆయన కాళ్లక్రింద ప్రాణముగల జంతువువలె కదలెను. మొదటి క్షణమున తాను పెడళ్లను త్రిప్పుచున్నాడు. రెండవ క్షణమున పెడళ్లే తన కాళ్లను త్రిప్పుచున్నవి. చక్రము నడపుచున్నది తానా చక్రము చేత నడపబడుచున్నది తానా అని ఆయనకు తెలియకుండెను. పురాణము వినునప్పుడు కర్త యెవరు కర్మ యేది యని పౌరాణికుడు పలుమాఱు వేసిన ప్రశ్న జవాబు లేకయే చెవులలో మ్రోగెను. కాని గాలి చల్లగా నుండెను. సైకిలు నీటిమీద నాకువలె తేలిపోవుచుండెను. కార్తికేయుడు చెప్పినది నిజమే యని ఆయనకు తోచెను. ఇంత నిర్మలమైన దానిని తొలువరాదని ఆయన యెదలో దాదాపుగా తీర్మానించుకొనెను.

జలాంతర్గామి చుట్టి మరలి వచ్చునప్పుడు మార్గమునకు కుడివైపున ఆంజనేయుని చిన్నగుడి యొకటి యెదురాయెను. పూజారి అప్పుడే హారతి యిచ్చుచుండెను. ఘంటానాదము వినబడెను. వరహాలయ్య కన్నులు ఆ జ్యోతివైపు తిరిగెను. తరువాత జరిగినది ఆయన చేసినది కాదు. ఆయనచేత అన్నియేండ్ల యలవాటు చేయించినది. కాళ్లు నిలిచెను. కుడిపాదము చెప్పునుండి బయటికి వచ్చెను. కుడిచేయి హ్యాండిలును విడిచి పెదవులకు లేచెను.

సైకిలు నిలువలేదు. పెడలు పైకి లేచి ఆయన పిక్కను బలముగా కొట్టెను. చెప్పు ఎగిరి మార్గమధ్యమున పడెను. రెండవకాలు తన యిష్టము లేకయే పైకిని క్రిందికిని ఎగురుచుండగా ఆయన తూలి రెండు చేతులతో హ్యాండిలును పట్టి ముందునకు చూచెను. కొలదిదూరమున ఎఱ్ఱగౌను తొడిగిన చిన్నపిల్ల యొకతె వీపు ఇటువైపు త్రిప్పి కూర్చుండి పావురములకు జొన్నలు చల్లుచుండెను. వరహాలయ్య వ్రేళ్లు ఉద్యోగకాలమంతయు ఏది యే చోట నుండెనో ఆ చోటునకే బ్రేకుకొఱకు పోయెను. అక్కడ నేమియు లేదు. గుప్పిట గాలిని పట్టెను.

పావురములు ఒక్కసారి లేచెను. వాని ఱెక్కల చప్పుడునకు పిల్ల వెనుదిరిగి చూచెను. వరహాలయ్య హ్యాండిలును ఎడమవైపునకు త్రిప్పి కాలిబాట అంచునకు తగిలి సైకిలుతో కూడ ఇసుకలోనికి ఒరిగిపోయెను. పిల్లకు గాలి తప్ప మఱేమియు తగులలేదు. ఆమె దోసిలిలోని జొన్నలు మాత్రము నేలపై చిందెను. ఆమె తల్లి పరుగున వచ్చి బిడ్డను చంకకెత్తుకొని ఈ ముసలాయనను తిట్టుటయా లేవనెత్తుటయా అని తెలియక నిలువబడెను.

ఎల్లరికంటె ముందుగా నీరజ వచ్చెను. వచ్చినది వచ్చినట్లే మోకాళ్లపై కూలబడి సైకిలు ఫోర్కుమీది ఇసుకను అరచేతితో తుడిచెను. తామర చెక్కు చెదరలేదు. అప్పుడుగాని ఆమె తలయెత్తి మేనమామ మొగము చూడలేదు. ఆ రెండింటికి నడుమ నుండిన కాలము రెప్పపాటు కంటె నెక్కువ కాదు. కాని దానిని వరహాలయ్య చూచెను. ఆయన చూచుట నీరజయు చూచెను. ఆమె మొగము వెలవెలబోయెను. ఆమె చేతులు సైకిలును విడిచి ఆయన మోచేతి గాయమును తడవసాగెను.

కార్తికేయుడును మాస్టారును వచ్చి ఆయనను గోడమీద కూర్చుండబెట్టిరి. ఎవరో ఆ చెప్పును తెచ్చి యిచ్చిరి.

"ఎక్కాను గదా బాబూ. ఇప్పుడు నా మాట చెల్లుద్దా" అని వరహాలయ్య కార్తికేయుని నడిగెను.

"చెల్లుతుందండీ" అని అతడు తలవంచుకొని చెప్పెను.

"అయితే ఇనండి. మీరు చెప్పిందీ నిజమే అనిపించింది. మాస్టారు చెప్పిందీ నిజమే అనిపించింది. పడిపోయాక కూడా అలాగే ఉంది, నాకేటీ తేలలేదు. గానీ ఆ పిల్ల ఎదర కనపడేసరికి నా చెయ్యి దేనికోసమో ఎతికింది తల్లీ. అక్కడ అది లేదు. నీకు నాకంటే బాగా వచ్చు, నీ చెయ్యికి ఎతకాల్సిన పని ఎప్పుడూ రాదేమో. వస్తే మాత్రం అక్కడ ఏదో ఒకటి ఉండాల. చిల్లు పెట్టించు."

కార్తికేయుడు ఏదియో చెప్పబోయి ఆ యెఱ్ఱగౌను పిల్ల తల్లిచంకనుండి దిగి మరల జొన్నలేరుకొనుచుండుట చూచి ఊరకుండెను. ఇమ్మానుయేలు మాస్టారు గెలిచినవాని మొగము పెట్టక తన సైకిలు తీసికొని ముందుగా వెళ్లిపోయెను.

తీర్పు చెప్పినవానికి నిదుర పట్టవలెను. వరహాలయ్యకు పట్టలేదు. తాను కాపాడినది పిల్లనా తన భయమునా అని ఆయన యోచించెను. తాను దేవునికి మ్రొక్కబోయినందున గదా పడినది. మ్రొక్కు తప్పా సైకిలు తప్పా. కాళ్లు నిలిపి మ్రొక్కినగాని దేవుడు మ్రొక్కుగా స్వీకరింపడా. ఇట్టి ప్రశ్నలను ఆయన పూజగదిలో దీపము నడుగుటయు దీపము యథాప్రకారము వెలుగుచుండుటయు జరిగెను. భార్యతో చెప్పగా నూకరత్నము బియ్యమేరుచున్న చేట దించకయే "నీరజకు ముక్కు కుట్టించిన నాడు నువ్వు వీథిలోకి పారిపోయావు, ఈసారి దగ్గరుండు" అనెను.

ఆయన దగ్గరనే యుండెను. లేతుపని చేయు దుకాణమున ఫోర్కును యంత్రమునకు బిగించినప్పుడు నీరజ రెండుచేతులను ఒడిలో పెట్టుకొని కదలక కూర్చుండెను. వరహాలయ్య తామరమీద కుంకుమబొట్టు పెట్టి మ్రొక్కెను. యంత్రము తిరిగెను. లోహపుపొట్టు వెండితీగవలె చుట్టలు చుట్టుకొనుచు రాలెను. ముక్కు కుట్టునప్పుడు బిడ్డ యేడువకుండుటకు నోటిలో బెల్లము పెట్టుట ఆ యింటి యాచారము. వెంట వచ్చిన నూకరత్నము కొంగుముడిలో కట్టి తెచ్చిన బెల్లపుముక్కను నీరజ నోటిలో పెట్టెను. నీరజ కన్నుల నీళ్లు తిరుగుచుండగనే నవ్వు వచ్చి నవ్వుచుండగనే బెల్లము కరిగిపోయెను.

అటుపిమ్మట ఆమె ప్రతిదినము తెల్లవాఱకమునుపే ఆ సైకిలు పై సముద్రతీరమున సాధన చేసెను. బ్రేకును ఎన్నిమాఱులు పట్టవలసివచ్చెనో మేనమామ అడుగలేదు. ఆమెయు చెప్పలేదు. ఆదివారపు కొలువున కార్తికేయుడు ఆ సైకిలు ముందు నిలిచి రంధ్రమును చాలసేపు చూచి పోవుచుండెను. మేనమామయు మేనకోడలును మునుపటివలెనే యుండిరి గాని ఇసుకలో నాడు కలిసిన ఆ చూపునుగూర్చి ఇరువురును ఎన్నడును మాట యెత్తలేదు.

వసంతము వచ్చెను. దూరనగరమందలి పందెపుబాట పెద్దపళ్లెపు అంచువలె నలువైపుల వాలుగా లేచియుండెను. అచటి నియమము ననుసరించి నీరజ బ్రేకును విప్పి మేనమామ చేతికిచ్చెను. ఆయన దానిని పైకండువాలో చుట్టి ఒడిలో పెట్టుకొని మెట్లమీద కూర్చుండెను. బ్రేకు తీయగనే తామర నడుమ రంధ్రము మరల కనబడెను. గుండ్రనిది. నున్ననిది. రేకులన్నియు దాని చుట్టునే విచ్చికొన్నట్లుండెను. అది పూవునకు కలిగిన గాయమో పూవునకు మొదటినుండి కొఱతవడిన నడిమి గింజలదుద్దో వరహాలయ్య నిర్ణయింపలేకపోయెను.

తుపాకి మ్రోగెను. సైకిళ్లు కదలెను. ప్రొద్దు వాలుచున్నందున ఎండ ఏటవాలుగా పడుచుండెను. నీరజ మొదటిచుట్టు ముగించుకొని మేనమామ కూర్చున్నచోటికి ఎదురుగా వచ్చునప్పుడు ఆ రంధ్రమునుండి వెలుతురు తునుక యొకటి సూదివలె దూసికొనివచ్చి ఆయన కన్నులను తాకి పోయెను. అదే క్షణమున ఆమె తల ఒకింత వంగెను. కాళ్లు నిలువలేదు. రెండవచుట్టునందును ఆ చోటనే ఆమె తల వంగెను. మూడవచుట్టునందును వంగెను. అది గాలిని చీల్చుటకు పందెగాండ్రు సహజముగా తలవంచుటయో మఱేమైననో తెలిసికొనుటకు ప్రక్కనున్నవారిని అడుగవలెనని వరహాలయ్య అనుకొనెను గాని అడుగలేదు.

ఆమె మరల వచ్చుచుండెను. ఆయన కుడిపాదము తనంతట తానే చెప్పునుండి బయటికి వచ్చెను. ఒడిలోని బ్రేకును ఎడమచేతితో గట్టిగా పట్టుకొని ఆయన కుడిచేతి వ్రేళ్లను పెదవులకును కన్నులకును తాకించుకొనెను. అక్కడ గుడి లేదు. గంట లేదు. కాళ్లు నిలుపక తలవంచి ఎవరో దాటిపోయిరి. ఆ నమస్కారము ఎవరికో ఆయనకును తెలియలేదు.